శుక్రవారం పాడేరు

గరికబంద దగ్గర డ్రైవరు బస్సు ఆపి, దిగి, టైర్లని ఓసారి కాలితో తన్ని చూసుకుని మళ్ళీ ఎక్కుతాడు. ముందు సీట్లో ముసలమ్మ కొంగుముడిలోంచి నిమ్మకాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. మీ పక్కనున్నాయన చోడవరంలో ఎక్కాడు. ఎండుచేపల గంపని కాళ్ళ మధ్య ఇరికించుకుని కూచున్నాడు. "కిటికీ పక్కకి జరగండి బాబూ, పైన మలుపుల్లో ఆపమన్నా ఆపడు," అని మీకు చోటిస్తాడు. ఆ మర్యాద వెనక తన గంప గురించిన భయం కూడా కొంత ఉంది.

తెల్లవారకముందే విశాఖలో ఎక్కారు. సబ్బవరం, చోడవరం, వడ్డాది, మాడుగుల దాటొచ్చారు. మాడుగులలో హల్వా కొట్లు ఇంకా తెరవలేదు. గోధుమపాలు తీసి, నెయ్యి పోస్తూ ఓపిగ్గా కలియబెట్టే ఆ హల్వా సంగతి తిరుగు ప్రయాణంలో చూసుకోవచ్చు. ఎదురుగా గోడలా లేచిన ఈ కొండలు ఒకప్పుడు మాడుగుల జమీందార్ల ఏలుబడిలోవే. పైన ముఠాదారులు పన్ను పోగుచేసి కిందికి పంపేవారు. చింతపండూ, పసుపూ, పన్నూ కిందికి దిగేవి. ఉప్పూ, బట్టా, అప్పూ పైకెక్కేవి. మీ బస్సు ఎక్కుతున్నది ఆ రెండో వరస సరుకుతోనే. నడవలో ప్లాస్టిక్ బిందెల దొంతర, ఉల్లిపాయల బస్తాలు, తాడుతో కట్టిన రబ్బరు చెప్పుల మూట, వాటి మధ్య కాలు పెట్టడానికి చోటు వెతుక్కుంటున్న కండక్టరు.

మలుపులు మొదలవుతాయి. హారన్, గేరు, హారన్. ఒక పక్క కొండ, ఇంకో పక్క మంచు. లోయ ఉందని తెలుస్తుంది గాని కనబడదు. ఎదురుగా లారీ వస్తే రెండు బళ్ళూ ఆగి, డ్రైవర్లిద్దరూ కిటికీల్లోంచి క్షేమసమాచారాలు కనుక్కుని, తర్వాత అంగుళాల లెక్కన తప్పుకుంటారు. బస్సులో ఎవరూ కంగారుపడరు. మీరొక్కరే ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని ఉన్నారు.

పైదాకా వచ్చాక అమ్మవారి పాదాల దగ్గర బస్సు ఆగుతుంది. మోదకొండమ్మ పాదాలు. ఇక్కడ ఆగకుండా పోయే బండి ఉండదు. కొందరు దిగి గంట కొడతారు, కొందరు కూచున్నచోటి నుంచే చిల్లర విసురుతారు. ఎండుచేపలాయన గంప వదలకుండా కళ్ళు మూసుకుని నోట్లో ఏదో అనుకుంటాడు. ఘాటీ ఎక్కినందుకు దణ్ణమా, సంతలో బేరం కోసం దణ్ణమా అడిగి తెలుసుకోవాల్సిన పని లేదు.

అక్కణ్ణుంచి చలి మారుతుంది. సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగులు ఎక్కారు. రోడ్డుకి రెండు పక్కలా సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటిని పట్టుకుని పైకి పాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. డిసెంబరు కాబట్టి కొమ్మ కొమ్మకీ ఎర్రటి పళ్ళు. మినుములూరు వచ్చింది. చలికాలంలో పేపర్లో ఏజెన్సీ ఉష్ణోగ్రతలు అచ్చయినప్పుడల్లా కనబడే పేరు ఇదే. కాఫీ బోర్డు దగ్గరి లెక్క ఒకటి, చింతపల్లి లెక్క ఒకటి. కింద విశాఖలో ఫ్యాను వేసుకుని ఆ అంకె చదువుకున్న జనం శనివారానికి బండి కట్టించుకుని ఈ కొండెక్కుతారు. ఇక్కడి పిల్లలు ఆ అంకె చదవరు. తెల్లారి ఆశ్రమ పాఠశాలలో చన్నీళ్ళతో స్నానం చేస్తారు.

పాడేరు.

బస్సు దిగగానే ముక్కుకి తగిలేది కట్టెల పొగ. కాంప్లెక్సు బయట అట్టపెట్టెలూ చెత్తా పోగేసి మంట వేశారు. చుట్టూ ఆటోవాళ్ళు, హోంగార్డు, మంకీ క్యాపు పెట్టుకున్న పెద్దమనిషి, రెండు కుక్కలు. చోటు అడగనక్కర్లేదు. చేతులు చాపితే చాలు, పక్కకి జరుగుతారు. బస్సుల అరుపులు వినిపిస్తుంటాయి. హుకుంపేట, అరకు ఒక వైపు. జి.మాడుగుల, చింతపల్లి ఇంకో వైపు. పెదబయలు, ముంచింగిపుట్టు మరో వైపు. అక్కడినుంచి ఒడిశా ఎంతో దూరం లేదు. ఈ ఊరికి పనిమీద వచ్చేవాళ్ళే తప్ప ఈ ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళు మొన్నమొన్నటిదాకా లేరు. ఊటీలాగా, కొడైకెనాల్‌లాగా ఎండలు తాళలేని దొరలు బంగళాలు కట్టుకుని, సరస్సు చుట్టూ షికారు బాటలు వేసుకున్న ఊరు కాదు. నాలుగు లోయల జనం వారానికోసారి కలిసే చోట దుకాణాలు లేచాయి, వాటి పక్కన ఆఫీసులు లేచాయి, ఆఫీసుల వెనక అద్దె కొంపలు లేచాయి. పాడేరు అందం చూడాలని వచ్చినవాళ్ళు మెయిన్ రోడ్డు మీద నిలబడి నిరుత్సాహపడతారు. వాళ్ళు కొండల వైపు చూడాల్సిందే. ఊరు మాత్రం వాళ్ళకోసం కట్టింది కాదు.

సినిమాహాలు సెంటరు దగ్గర ఒక హోటల్లోకి వెళ్ళి కూచోండి. రేకుల కప్పు, నాలుగు బల్లలు, గుమ్మం పక్కనే పెద్ద పెనం. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ కారంగా ఉంది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే వేళ్ళలోకి ప్రాణం వస్తుంది. కాఫీ అడిగితే హోటలాయన నవ్వుతాడు. "కాపీ ఎవుడు తాగుతాడు బాబూ ఇక్కడ? పండించడమే." ఈ మన్యంలో రెండు లక్షల ఎకరాలకి పైగా కాఫీ తోటలున్నాయి. పొయ్యి మీద మరిగేది మాత్రం టీ పొడే.

"హోటలు మీదేనా?"

"ఓటలు మాదే. నేల మాది కాదు."

పెనం మీద దోసె తిరగేస్తూ, రోజూ చెప్పే మాటలాగే చెబుతాడు. వాళ్ళ నాన్న మాడుగుల వైపు నుంచి మూట నెత్తిన పెట్టుకుని ఈ సంతకి వచ్చేవాడట. తర్వాత గుడిసె వేసుకున్నాడు, తర్వాత రేకులేసుకున్నాడు. కొడుకు ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఆదివాసీ ఒడియా గడగడా మాట్లాడతాడు. ఓటూ ఇక్కడే. కాని కూచున్న జాగా పక్కనున్న భగత గిరిజన కుటుంబానిది. కాగితం లేదు, నోటిమాటే. 1970లో, శ్రీకాకుళం గిరిజన పోరాటం సాగుతున్న రోజుల్లోనే వచ్చిన 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి చేతులు మారడానికి వీల్లేదు. అమ్మకమే కాదు, లీజూ తనఖా కూడా చెల్లవు. ఈ వీధిలో ఫ్యాన్సీ షాపు, మందుల షాపు, సెల్‌ఫోన్ల షాపు ఏది చూసినా బోర్డు మీద ఒక పేరు, నేల మీద ఇంకో పేరు. నోటిమాటలూ, బినామీలూ, కోర్టు వాయిదాలూ ఈ రెండు పేర్ల మధ్యలోనే తిరుగుతుంటాయి.

ఇది అన్యాయమని హోటలాయన అంటాడు. ఇడ్లీ తింటున్న కుర్రాడు తల పైకెత్తకుండానే, "ఆ చట్టం లేకపోతే ఈపాటికి మేం ఎక్కడుండేవాళ్ళం బావా?" అంటాడు. కొండదొర కుర్రాడు, డిగ్రీ చదివాడు, టీచరు ఉద్యోగం కోసం చూస్తున్నాడు. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే అని 2000లో ఇచ్చిన 3వ నంబరు జీవోని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పట్నుంచి ఇతనికి రోజూ అదే ధ్యాస. హోటలాయన రెండో గరిటె చట్నీ అతని పళ్ళెంలో వేస్తాడు. వాళ్ళిద్దరి వాదన ఇవాళ మొదలైంది కాదు, ఇవాళ తేలేదీ కాదు. ఎవరి పక్షం అని మీరు నన్నడిగితే, కుర్రాడి పక్షమే. మైదానంలో ఎకరం ధర ఎలా పెరిగిందో, అమ్ముకున్న రైతు ఎక్కడ తేలాడో చూసినవాళ్ళకి ఇంకో పక్షం కష్టం.

మంచు విడుతుంది. శుక్రవారం సంతలోకి నడవండి.

తెల్లారకముందు బయల్దేరిన కాళ్ళు అన్ని దారుల్లోంచీ దిగుతున్నాయి. మగవాళ్ళ భుజాల మీద కావిళ్ళు, ఆడవాళ్ళ నెత్తుల మీద గంపలు. పెద్దవాళ్ళ ముక్కులకి మూడేసి పుడకలు, మెడలో కంటెలు. వాళ్ళ పక్కనే మనవరాలు జీన్సు ప్యాంటులో, చెవిలో ఇయర్‌ఫోన్‌తో. వాళ్ళ ఊళ్ళో సిగ్నలు సరిగా ఉండదు కాబట్టి సంతరోజే ఫోను రోజు. ఆ పిల్ల వారం రోజుల మెసేజీలన్నీ ఒక్కసారిగా మోగుతుంటే నవ్వుకుంటూ నడుస్తుంది.

నేల మీద గోనెలు పరిచి వరసగా కూచున్నారు. ఎర్ర రాజ్‌మా, తెల్ల రాజ్‌మా. మట్టి వదలని అల్లం. కొండచీపుళ్ళ కట్టలు, ఇంకా పచ్చివాసన పోనివి. అడ్డాకుల మోపులు. చోళ్ళు, సామలు. పిప్పళ్ళు చిన్న గుడ్డమూటల్లో. వలిసెలు కొద్దిగా. వలిసెల పసుపురంగు పూలతో ఫోటోలు దిగే జనానికి ఈ నల్లటి గింజ చూపిస్తే పోల్చుకోలేరు. ఇటువైపు అమ్మకాలు, అటువైపు కొనుగోళ్ళు. ఎండుచేపలు, ఉప్పు, నూనె పొట్లాలు, దుప్పట్లు, గాజులు, ప్లాస్టిక్ కుర్చీలు. బస్సులో మీ పక్కన కూచున్నాయన అప్పుడే గంప విప్పాడు, చుట్టూ పదిమంది. మిమ్మల్ని చూసి చెయ్యి ఊపుతాడు గాని మాట్లాడే తీరిక లేదు.

ఒక మూల తాటాకు చాప మీద రెండు మూటలు పెట్టుకుని ఒకామె నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. పార్చ్‌మెంట్ కాఫీ. ఎర్రటి పళ్ళు ఏరి, తోలు వలిచి, పులియబెట్టి, కడిగి, ఎండబెట్టిన గింజ. పైన లేత పసుపు పొట్టు ఇంకా ఉంటుంది. కొనే షావుకారు గుప్పెడు తీసి అరచేతిలో పరిచి, నల్లగింజలు వేలితో పక్కకి నెట్టి, ఒకటి పొట్టు తీసి పంటి కింద పెట్టి కొరుకుతాడు. గట్టిగా టక్కుమనాలి. మెత్తగా అణిగితే తేమ ఉన్నట్టు.

"ఇంకా ఆరలేదు అప్పా."

"ఏటి ఆరలేదు సావుకారీ? పది దినాలు ఎండలో ఏసి, రాత్తిరి ఇంట్లో ఎత్తి, మళ్ళీ ఏసినాను. నువ్వు ఇంకోటి కొరుకు."

అతను ఇంకోటి కొరకడు. కాటా మీదికి మూట ఎత్తమని కుర్రాడికి సైగ చేస్తాడు. ఎలక్ట్రానిక్ కాటా, ఎర్ర అంకెలు. ఆమె కాటాకి ఎదురుగా వచ్చి నిలబడుతుంది. కుర్రాడి కాలు పళ్ళేనికి ఆనుకుని ఉంటే, "కాలు తియ్యి," అంటుంది. తీస్తాడు. అంకె మారుతుంది. షావుకారు ఏమీ ఎరగనట్టు క్యాలిక్యులేటరు నొక్కి, తేమ కింద ఇంత, గోనె కింద ఇంత అని తీసేసి, ఒక ధర చెబుతాడు. పెళ్ళికి తీసుకున్న డబ్బు సంగతి కూడా మెల్లిగా గుర్తుచేస్తాడు. చుట్టూ ఉన్నవాళ్ళు వినీ విననట్టు ఉంటారు. కొండమీద పంటకి ముందు అప్పు, పంటకి తర్వాత తూకం. ఈ రెండూ ఒకే మనిషి చేతిలో ఉండడం ముత్తాతల నాటి పద్ధతి. ఆ ముడి విప్పడానికే 1956లో గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ పుట్టింది. చింతపండు నుంచి తేనె దాకా, ఇప్పుడు కాఫీ కూడా కొంటుంది. డిపోలో ఉప్పూ పప్పూ అమ్ముతుంది. ముడి పూర్తిగా విప్పిందని ఎవరూ అనరు. కాని జీసీసీ సీజను మొదట్లో ధర ప్రకటించిందంటే సంతలో షావుకారు అంతకు మరీ కిందికి దిగడానికి జంకుతాడు.

"ఎత్తెయ్," అంటుంది ఆమె కుర్రాడితో. మూట కాటా మీంచి దిగుతుంది. షావుకారు నొచ్చుకోడు. సంత ఇంకా చాలా ఉంది.

కాఫీ ఈ కొండలకి పాతకాపు కాదు. 1898లో గోదావరి వైపు పాములేరు లోయలో బ్రోడీ అనే ఇంగ్లీషాయన మొదట నాటాడని చెబుతారు. ఇటు ప్రభుత్వం గట్టిగా పూనుకున్నది 1960ల నుంచి. పోడు కోసం కొండ నరకడం తగ్గుతుందనీ, నీడ చెట్లు పెరుగుతాయనీ, చేతికి డబ్బొస్తుందనీ లెక్క. ఆ లెక్క చాలావరకు నిజమైంది. ఎకరం, రెండెకరాల తోటలే అయినా ఇంటికి రొక్కం తెచ్చే పంట ఇదే. 2019లో అరకు లోయ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు తోటదాకా వచ్చిందో లేదో ఆమె రెండు మూటలూ చెప్పాలి.

మధ్యాహ్నం ఊరు రెండో పనిలో పడుతుంది. సంతకి వచ్చినవాళ్ళే ఆఫీసుల మీద పడతారు. వారానికి ఒక్కరోజు కొండ దిగేవాడికి అన్ని పనులూ ఆ రోజే కావాలి. గిరిజనాభివృద్ధి సంస్థ, అదే ఐటీడీఏ, మెట్ల మీద అర్జీలు పట్టుకున్న గుంపు. రోడ్డు కావాలని, పట్టా కావాలని, పింఛను ఆగిందని. ఆధార్ కేంద్రం ముందు వరస. పుట్టిన తేదీ కాగితం లేని పిల్లాణ్ణి చంకనెత్తుకున్న తల్లికి, ఆ కాగితం ఎక్కడ తెచ్చుకోవాలో ఇంకో తల్లి చెబుతోంది. చెప్పిన ఆఫీసు ఊరికి అవతలి కొసన ఉంది.

2022 ఏప్రిల్ 4న ఈ ఊరు జిల్లా కేంద్రమైంది. అల్లూరి సీతారామరాజు జిల్లా. చింతపల్లి పోలీస్ స్టేషను మీద అల్లూరి దండెత్తింది 1922 ఆగస్టులో. దాదాపు వందేళ్ళకి జిల్లాకి ఆయన పేరు. నర్సీపట్నం నుంచి కొండమీదికి రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులని కూలి ఎగ్గొట్టి వెట్టికి తోలడం ఆ తిరుగుబాటుకి దారితీసిన కారణాల్లో ఒకటి. ఇప్పుడు అర్జీల్లో సగం రోడ్డు కావాలనే. జిల్లా వచ్చాక అద్దెలు పెరిగాయి. బోర్డులు మారాయి. తలారిసింగి, సుండ్రుపుట్టు, కుమ్మరిపుట్టు ఊళ్ళో కలిసిపోయాయి. జిల్లా పుట్టిన కొత్తలో ఎక్కడో దూరాన చింతూరు మనిషి కలెక్టరుని చూడాలంటే ఇక్కడికి రావడానికే ఒక రోజు పట్టేది. కిందినుంచి వచ్చే ఉద్యోగుల్లో చాలామంది పొద్దున్న ఘాటీ ఎక్కి సాయంత్రం ఘాటీ దిగిపోయే రకం. మలేరియా రోజుల్లో పాడేరు బదిలీ అంటే శిక్ష. జ్వరం భయం తగ్గింది గాని సాయంత్రం నాలుగయ్యేసరికి గడియారం చూసే అలవాటు పోలేదు.

ఆస్పత్రి గేటు దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. మోటారు సైకిలుకి పక్కన తొట్టి బిగించిన ఫీడర్ అంబులెన్సు ఒకటి లోపలికి వస్తుంది. అందులో నిండు గర్భిణి, వెనక సీటు మీద ఆశా కార్యకర్త. మొదటి సగం దారి డోలీలో మోసుకొచ్చారట, రెండో సగం ఈ బండిలో. డోలీ కట్టిన కర్ర మోసినవాడు వెనకే ఆటోలో దిగాడు. భుజం రుద్దుకుంటూ కొడుకో కూతురో ఇంకా తెలియక, టీ కొట్టు ఎక్కడుందని మిమ్మల్నే అడుగుతాడు.

ఈలోగా తెల్లవారుజామున వంజంగి కొండెక్కి మేఘాలు చూసొచ్చిన కుర్రకారు నిద్రమొహాలతో బొంగులో చికెన్ కోసం తిరుగుతోంది. కార్ల మీద బురద, ఫోన్ల నిండా సూర్యోదయాలు. "ఇక్కడ ఇంకా చూడ్డానికేముంది అంకుల్?" అని ఒకడు మందుల షాపాయన్ని అడుగుతాడు. మత్స్యగుండం వెళ్ళమంటాడు ఆయన. హుకుంపేట దగ్గర, వాగులో చేపలకి మొక్కే చోటు. అక్కడ చేప పట్టరు. కుర్రాడికి అది నచ్చలేదు. మేలో రమ్మంటాడు ఆయన మళ్ళీ. మోదకొండమ్మ జాతర మూడు రోజులు ఊరు ఊరంతా వీధిలోనే ఉంటుంది. అమ్మవారిని గుడిలోంచి తెచ్చి మెయిన్ రోడ్డు మీద సతకంపట్టులో నిలబెడతారు, థింసా ఆడతారు. ఆ మూడు రోజులూ దుకాణం ఎవరిది, నేల ఎవరిది అని వాదించేవాళ్ళు కూడా కలిసి చందాలు వసూలు చేస్తారు. కుర్రాడు అప్పటికే కారెక్కాడు.

మూడు దాటితే సంత కరిగిపోతుంది. చీకటి పడేలోగా కొండెక్కాలి. జీపులు హారన్లు కొడుతుంటాయి. లోపల ఎంతమందో, పైన అంతమంది, వెనక నిచ్చెన పట్టుకుని ఇంకో నలుగురు. రోడ్డు వార ఒకతను ఆనపకాయ బుర్రలోంచి జీలుగు కల్లు పోస్తున్నాడు. తాగినవాళ్ళు మూతి తుడుచుకుని, కొన్న దుప్పటి భుజాన వేసుకుని, బేరాలు మళ్ళీ మొదట్నుంచి చెప్పుకుంటున్నారు. ఎండుచేపలాయన ఖాళీ గంప బోర్లించి దాని మీదే కూచుని నోట్లు లెక్కపెడుతున్నాడు.

జి.మాడుగుల వైపు వెళ్ళే జీపు టాపు మీదికి రెండు మూటలు ఎక్కిస్తున్నారు. పొద్దున్న చూసిన మూటలే. ఆమె కిందనుంచి తాడు సరిగా కట్టమని అరుస్తోంది. షావుకారు కొట్టు దిగి, రోడ్డు దాటి, జీపు దాకా వచ్చాడు.

"అప్పా, కిలోకి పది రూపాయలు ఎక్కువ ఏసుకో. మళ్ళీ మోసుకెళ్ళడం ఎందుకు?"

"మోసేది జీపు కదా."

"అప్పు మాటేటి మరి?"

"అప్పు నీది నీకొత్తాది. సోమారం కాపీ కొనే కంపినీ బండి మా ఊరికే వత్తాదంట, తూకం మా అరుగు మీదే ఏత్తారంట. ఆళ్ళు సెప్పింది విని, అప్పుడు నీకు ఫోను సేత్తాను."

"ఆళ్ళు తేమ సూడరేటి?"

"మిసను పెట్టి సూత్తారంట. కొరకరు."

జీపు మీదివాళ్ళు పకపకా నవ్వారు. షావుకారు కూడా నవ్వేసి, జేబులోంచి ఫోను తీసి, "నీ నంబరు మారిందా, పాతదేనా?" అని అడుగుతున్నాడు. డ్రైవరు గేరు వేశాడు. ఆమె ఎక్కుతూ ఎక్కుతూ పది అంకెలూ గట్టిగా చెబుతోంది.